బొటనవేళ్ళ గది

ఆ గదిలో అడుగుపెట్టగానే హైమవతికి నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వు రావడం ఆమెకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న జబ్బు. చీర చెంగుతో ముక్కు తుడుచుకుంటున్నట్టు నటించి గండం గట్టెక్కింది.

గది నిండా బొటనవేళ్ళే. ఉక్కు కడ్డీల చివర చర్మం రంగు రబ్బరు తొడిగిన బొటనవేళ్ళు, వరసలు వరసలుగా. ప్రతి వేలి కిందా ఉసిరికాయంత బుడ్డి. వేలు దిగి బుడ్డిని నొక్కుతుంది, లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. నొక్కిన కొద్దీ తిత్తిలోని ఉప్పునీరు ఎక్కి, పక్కన గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో పడుకున్న రెండు మెత్తటి గొట్టాలు బిగుసుకుని లేస్తాయి. పెద్దాయన ఎవరో వస్తే లేచి నిలబడ్డట్టు ఒక్క క్షణం నిలబడి, ఆయన దాటిపోగానే కూర్చున్నట్టు వాలిపోతాయి. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇదే మర్యాద.

"ఇవి రాత్రింబవళ్ళూ ఇలాగే చేస్తాయా బాబూ?" అని అడిగింది.

"అవునాంటీ. సెలవుల్లేవు, ఆదివారాల్లేవు" అన్నాడు ఫణీంద్ర. ఈ యంత్రం అతనిదే, ఆ గొట్టాల రబ్బరూ అతను కనిపెట్టిందే. "ముప్పై ఏళ్ళ వాడకం మూడు నెలల్లో చూసేస్తాం."

"పాపం" అంది హైమవతి. ఎవర్ని చూసి అందో అతనికి అర్థం కాలేదు.

ఆమె పక్కన భర్త గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని, పోర్టులో క్రేను తనిఖీకి వచ్చినవాడిలా నిలబడి చూస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు విశాఖ పోర్టులో క్రేన్ల మరమ్మతు చేసిన మనిషి. కదిలే యంత్రం ఏది కనపడినా చెవి అటు పెడతాడు. ఇవాళ మాత్రం చెవి పెట్టినట్టు లేదు. గురువారం అతనికి ఆపరేషను, రెండోసారి.

మొదటిది జరిగి ఏడేళ్ళయింది. షుగరు మనిషిని లోపల్లోపల తినేస్తూ ఆఖరికి అక్కడికీ వచ్చింది. మాత్రలు కొన్నాళ్ళు పనిచేసి చేతులెత్తేశాయి. డాక్టర్ మృణాళిని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పొట్ట కింద ఒక నీటి తిత్తి, వృషణాల సంచిలో ఒక బుడ్డి, అంగంలో రెండు గొట్టాలు. బయటికేమీ కనపడదు. కావాలనుకున్నప్పుడు బుడ్డి నొక్కుకోవాలి, అయిపోయాక మీట వదిలేయాలి. గీసినంతసేపూ గవర్రాజు ఆ కాగితాన్ని కాకుండా డాక్టరు వెనకున్న క్యాలెండరును చూశాడు. ఆమె చెప్పడం ముగించాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎన్నాళ్ళొస్తుంది?"

హైమవతి అప్పుడు కూడా చెంగు తీసి ముక్కు తుడుచుకుంది. మిక్సీ కొన్నా, చెప్పులు కొన్నా, ఇంటికి సున్నం వేయించినా ఆయనకుండే ప్రశ్న అదొక్కటే. వాళ్ళింట్లో టీవీ రిమోటు పాలిథిన్ కవరులో ఉంటుంది. కారు కొని పదేళ్ళయినా సీట్ల మీద షోరూము వాడు వేసిన ప్లాస్టిక్ అలాగే ఉంది. పెళ్ళిరోజుకు కొన్న పింగాణీ డిన్నర్ సెట్టు గడ్డి పరుపు మీద అట్టపెట్టెలో, అటక మీద, రాజుగారిలా ఉంది. దానిలో తినడానికి తగిన మనుషులు ఇంతవరకూ ఆ ఇంటికి రాలేదు.

పాతరకం ఇంప్లాంట్లు చాలా ఏళ్ళు బాగానే పనిచేసి ఏదో ఒకరోజు సన్నటి చీలిక పడి నీరు కారిపోతాయని, అప్పుడు మళ్ళీ కోయాలని చెప్పింది డాక్టరు. "ఇంకొకటుంది. కొత్తది, ఇంకా పరిశీలనలో ఉంది. మీకిష్టమైతేనే" అని ఫణీంద్రను పిలిపించింది. అప్పటికి అతను ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడు. జేబులోంచి ఒక రబ్బరు ముక్క తీసి హైమవతి చేతికి కత్తెరిచ్చాడు. కత్తిరించమన్నాడు. కత్తిరించింది. రెండు ముక్కల్నీ ఆనించి బల్ల మీద పెట్టాడు. కాఫీ తాగడం పూర్తయ్యేసరికి అవి ఒకటే ముక్క. అతుకెక్కడో కూడా తెలియలేదు. వేలు తెగితే చర్మం మానినట్టు మానిపోయింది.

"ఇది చీలినా తనంతట తనే అతుక్కుంటుంది సార్. ఇన్ని లక్షల నొక్కులకు మాది హామీ."

గవర్రాజు అప్పుడే మొదటిసారి క్యాలెండరు మీంచి చూపు తిప్పాడు. "ఇదే పెట్టండి" అన్నాడు.

*

ఆ తరువాత ఫోన్లు మొదలయ్యాయి. పరిశీలనలో ఉన్నవాళ్ళందరికీ ప్రయోగశాల నుంచి స్ఫూర్తి అనే అమ్మాయి అప్పుడప్పుడూ ఫోను చేసేది. ఆ నంబరు కనపడగానే గవర్రాజు బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. తలుపు ఎంత దగ్గరగా వేసినా బాల్కనీలో మాట వంటింటి కిటికీలోంచి వినపడుతుందన్న సంగతి ఆ ఇల్లు కట్టినవాడికీ, హైమవతికీ మాత్రమే తెలుసు.

"బాగానే ఉందమ్మా... ఆఁ... వారానికి రెండుసార్లు."

హైమవతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేది. ఒకసారి దసరా వెళ్ళాక, పండగ ఊపో ఏమో, "మూడు అనుకోండి" అన్నాడు. ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఆ మూడోసారి ఏ వారం వచ్చిందో, ఎవరింటికి వచ్చిందో, తనకు కబురందలేదు.

అసలు సంగతి చెప్పాలంటే మొదటి ఏడాది ఆ ముచ్చట లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. ఆ తరువాత ఆ చెయ్యి కూడా అక్కర్లేకపోయింది. ఆపరేషనుకు ముందు ఆయన చేతకాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. తరువాత కూడా గోడవైపే తిరిగి పడుకున్నాడు. ముందు ఆ వీపు మీద ఆమెకు జాలి ఉండేది. తరువాత ఏముండాలో తెలియలేదు. ఒకరోజు స్నానానికి వెళ్ళి అద్దంలో చూసుకుని, జుట్టుకు రంగేసుకుంది. ఆ తరువాత రంగు వేసుకోవడం మానేసింది. ఆయన రెండూ గమనించలేదు.

ఫోనులో అంతా బాగుందనే మనిషిని ఆస్పత్రికి రమ్మనేవాళ్ళెవరు? అలా ఏళ్ళు గడిచాయి. ఈ ఏడాది ఆయన రిటైరయ్యాడు. దండలూ శాలువాలూ ఇంటికి తెచ్చుకున్న రెండు వారాలకు, పొద్దున్నే కాఫీ తాగుతూ, పేపరు వెనకనుంచి అన్నాడు. "అది పనిచెయ్యట్లేదు."

ఏదని ఆమె అడగలేదు. మిక్సీ అయితే ఆమెకే ముందు తెలిసుండేది.

డాక్టరు చూసింది. బుడ్డి పచ్చి జామకాయలా గట్టిపడిపోయింది, నొక్కుదామంటే దిగదు. ఇలాగే మరి కొందరికి అయిందని చెప్పింది. వాళ్ళలో విజయనగరం నుంచి వచ్చిన ఒకాయనకు తీసేసిన ఇంప్లాంటును ప్రయోగశాలలో కోసి చూశారట. ఎక్కువ వాడకం వల్ల అయ్యుంటుందని అక్కడివాళ్ళ అభిప్రాయం.

ఆ సాయంత్రం గవర్రాజు అరకిలో మాడుగుల హల్వాతో ఇంటికొచ్చాడు. షుగరున్న మనిషి.

"ఏంటివాళ విశేషం?" అంది హైమవతి.

"ఏటీ లేదు, ఊరికే" అన్నాడు. మళ్ళీ ఆగలేక, "ఎక్కువ వాడకం వల్లట" అన్నాడు.

హైమవతి హల్వా ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

*

బొటనవేళ్ళ గది పక్కన చిన్న గదిలో కూర్చోబెట్టి ఫణీంద్ర ఒక గాజు గిన్నె తెచ్చాడు. అందులో విజయనగరం ఆయన గొట్టం, నిలువునా కోసినది. గొట్టమంటే లోపల బోలుగా ఉండాలి. ఇది పెన్సిలులా నిండుగా ఉంది.

"చూశారా సార్, లోపలి గోడలు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తరచూ వాడేసరికి లోపల చిట్లుతున్నట్టుంది. చిట్లిన గోడ తన గాయం తను మూసుకునే లోపలే పక్క గోడను పట్టేసుకుంటోంది. అందుకని ఇంకా గట్టిగా, ఇంకా త్వరగా మానే రకం చేశాం. గురువారం మీకు పెట్టేది అదే."

"మరి మీ బొటనవేళ్ళ దగ్గర ఎందుకు అతుక్కోలేదు?" అంది హైమవతి.

ఫణీంద్ర మొహం చిన్నబుచ్చుకున్నాడు. వారం రోజులుగా నిద్రలేని మొహం అది. మాట్లాడుతుండగా ఫోను మోగితే, తెర మీద భార్య ఫోటో చూసి బోర్లా పెట్టేశాడు. "అదే తెలియట్లేదాంటీ. మనుషులు యంత్రం కంటే మోటుగా నొక్కుతారేమో."

"నొక్కకుండా ఊరికే ఉంచేస్తే?"

"ఊరికే ఉంచితే రెండు గోడలూ ఆనుకునే ఉంటాయి కదా. నెలల తరబడి అలా వదిలేస్తే తప్పకుండా అతుక్కుపోతాయి. నేను మొదట అనుకున్నదీ అదే. కానీ ఎవరూ ఊరికే ఉంచలేదుగా?" నమ్మకంగా గవర్రాజు వైపు తిరిగాడు. "సారే చెప్పారు కదా, వారానికి రెండుసార్లు. మిగతావాళ్ళూ అంతే. అందరూ అంతే."

పక్క గది నుంచి బొటనవేళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. టప్, టప్, టప్. హైమవతి మొగుడి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

నిజం నోటిదాకా వచ్చింది. నలుగురిలో మొగుడి పరువు తీయకూడదని పెరిగిన నోరది, కానీ అడ్డుపడింది పరువొక్కటే కాదు. ఆయన వాడలేదని చెప్పడమంటే, ఈ కుర్రాడి ముందు, నా మొగుడికి నేను అక్కర్లేకపోయానని చెప్పడం. ఆ వాక్యం ఆమె తనకు తాను కూడా ఎప్పుడూ పైకి చెప్పుకోలేదు.

"కొత్తది అయితే ఎన్నాళ్ళొస్తుంది?" అన్నాడు గవర్రాజు.

*

కారు ఎండలో ఉంది. విశాఖ ఉక్కపోతకు సీటు మీది ప్లాస్టిక్ హైమవతి జాకెట్టుకు వెనక అతుక్కుపోయింది. గవర్రాజు తాళం తిప్పలేదు.

"షుగరు మనిషికి రెండోసారి కోస్తే చీము పట్టే అవకాశం ఎక్కువని చెప్పింది డాక్టరు" అంది హైమవతి, అద్దంలోంచి బయటికి చూస్తూ. "కోసి కొత్తది పెడతారు. అది ఇంకా గట్టిగా అతుక్కుంటుందట. మీరు మళ్ళీ ఊరికే ఉంచుతారు. మళ్ళీ కోస్తారు."

"ఊరికే ఉంచానని ఎవరన్నారు?"

"నేను కాక ఇంకెవరనాలి? వారానికి రెండుసార్లు ఇంకెవరితోనైనా అయితే చెప్పండి, ఆవిడనే పిలిచి అడుగుదాం."

ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగింది. "నీకేటి తెలీదు, ఊరుకో" అన్నాడు. అని, ఆయనే ఊరుకోలేకపోయాడు. "పాడైపోద్దని."

"ఏంటి?"

"వాడితే అరిగిపోద్దని. ఆ కుర్రాడు చెప్పాడు కదా, ఇన్ని లక్షల నొక్కులకు హామీ అని. పోర్టులో క్రేను తాడుకూ అంతే. ఇన్ని ఎత్తులని లెక్క. ఎత్తినప్పుడల్లా ఆయుష్షు ఒకటి తగ్గుద్ది. అయిపోతే తాడు బాగానే కనపడినా మార్చీయాల్సిందే. దీన్ని మార్చడమంటే మళ్ళీ కొయ్యడమే కదా. అప్పుడు నైటు డ్యూటీలు. అలిసిపోయి వచ్చి, ఎందుకు ఒకటి దండగ చెయ్యడం, రిటైరయ్యాక తీరిగ్గా..." మాట మింగేశాడు. "మొన్న శాలువా తెచ్చుకోడానికి వారం ముందు నేనొక్కణ్ణే చూసుకున్నాను. రాయి."

హైమవతికి నవ్వు రావలసిన చోటు ఇదే. రాలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది. "నా మీద మనసు పోయిందనుకున్నాను. ఇంత కోయించుకున్నా కూడా నేను... ఏడేళ్ళండీ. జుట్టుకు రంగేసుకున్నాను. మీరు చూడలేదు. మానేశాను. అదీ చూడలేదు."

గవర్రాజు ఆమె వైపు తిరిగాడు. తిరగబోతే చొక్కా ప్లాస్టిక్కుకు అంటుకుని చర్రుమంది. "అదేటే హైమా. నీ కోసమే కదా దాచాను."

"దాచడానికి నేనేమైనా ఊరగాయనా, ఊరే కొద్దీ రుచి రావడానికి?"

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి, ఆ చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. క్రేను తాళ్ళకు గ్రీజు రాసిన చేతులు. వాటికి అరవై దగ్గర పడింది. ఆమె చేతులకు అంతకు మూడేళ్ళు తక్కువ. దాచిన వస్తువు ఎంత భద్రంగా ఉన్నా దాచుకున్నవాళ్ళు భద్రంగా ఉండరన్న సంగతి ఇద్దరికీ ఆ ఎండలోనే తెలిసొచ్చింది. తెలిసొచ్చినంత మాత్రాన చేసేదేమీ లేదు.

"పదండి" అంది చివరికి. "లోపలికెళ్ళి చెప్పండి."

"ఏటని చెప్పను? ఆ పిల్లాడి ముందు?"

"ఏడేళ్ళు ఆ పిల్ల ముందు ఫోనులో చెప్పారుగా. అంత కథ అల్లగలిగిన మనిషికి నిజం చెప్పడం ఎంతసేపు? విజయనగరం ఆయన ఇదే రాయి తీయించుకున్నాడు, మిగతావాళ్ళు ఇంకా మోస్తున్నారు. వాళ్ళకీ గురువారాలున్నాయి."

ఆయన తలుపు తీసుకుని దిగాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. ఆమె దిగలేదనుకున్నాడేమో. దిగింది, ప్లాస్టిక్కు నుంచి చీర విడిపించుకోవడానికి కాస్త ఆలస్యమైందంతే.

*

గవర్రాజు చెప్పింది వినడానికి ఫణీంద్ర నిలబడ్డాడు. వినడం అయ్యేసరికి కూర్చున్నాడు. కోపం తెచ్చుకుంటాడేమోనని హైమవతి భయపడింది. తెచ్చుకునే ఓపిక కూడా అతనిలో మిగల్లేదు.

"మూడుసార్లు అని కూడా చెప్పారు సార్, ఒకసారి" అన్నాడు నీరసంగా.

"దసరా" అన్నాడు గవర్రాజు తలొంచుకుని.

ఫణీంద్ర లేచి బొటనవేళ్ళ గదిలోకి వెళ్ళాడు. గోడమీద మీట కిందికి లాగాడు. వేళ్ళన్నీ సగంలో ఆగిపోయాయి. నిలబడ్డ గొట్టాలు మెల్లగా వాలి తొట్టి అడుగున పడుకున్నాయి. ఆ గది కట్టాక మొదటిసారి అక్కడ నిశ్శబ్దం వినపడింది.

"ఒక్కరోజు కూడా విశ్రాంతి ఇవ్వలేదు వీటికి" అన్నాడు తనలో తాను. "ఇస్తే తెలిసేది."

కబురంది డాక్టర్ మృణాళిని వచ్చింది. గురువారం ఆపరేషన్లన్నీ ఆపించింది. కొత్త రకాన్ని పక్కన పెట్టించింది. ఇప్పుడేం చేస్తారని హైమవతి అడిగితే డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది.

"కొన్నాళ్ళు ఆపి, నొక్కి, మళ్ళీ ఆపి చూడాలి. ఎన్నాళ్ళు ఊరుకుంటే ఎంత అతుక్కుంటుందో. దానికి టైం పడుతుందమ్మా. వాడకాన్నయితే తొందరపెట్టగలం, ముప్పై ఏళ్ళని మూడు నెలలు చెయ్యగలం. ఊరుకోవడాన్ని తొందరపెట్టలేం. ఏడేళ్ళు ఊరుకుంటే ఏమవుతుందో తెలియాలంటే ఏడేళ్ళూ ఊరుకోవాల్సిందే."

"అప్పటిదాకా సారుకి?" అన్నాడు ఫణీంద్ర.

"ఆ ముక్క చీము పట్టకుండా ఉన్నంతకాలం అలాగే ఉండనిద్దాం. లేదూ, పాతరకం పెట్టించుకుంటానంటే అదీ ఆలోచిద్దాం. తొందర లేదు."

తొందర లేదన్న మాట విని భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళింట్లో ఆ మాట ఇప్పటికే చాలా వాడేశారు.

బయటికొస్తూ హైమవతి ఫణీంద్ర దగ్గర ఆగింది. "ఇక చూడ్డానికి ఏమీ కదలట్లేదుగా బాబూ. ఇంటికెళ్ళు. మీ ఆవిడ ఇందాక ఫోను చేసింది."

*

స్ఫూర్తి మళ్ళీ అందరికీ ఫోను చేసింది. ఈసారి భార్యలతో కూడా మాట్లాడతానంది. కొందరు ఫోను పెట్టేశారు. ఇద్దరు తిట్టారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే గొంతు తగ్గించి ఒకటే మాట చెప్పారు. అనకాపల్లి ఆయన కూతురి పెళ్ళి అయ్యాక అనుకున్నాడు. ఇంకొకాయన ఇల్లు కట్టడం పూర్తయ్యాక అనుకున్నాడు. అంతా దాచుకున్నవాళ్ళే.

గవర్రాజు ఆ ఫోను హాల్లో కూర్చునే మాట్లాడాడు. బాల్కనీ తలుపు గాలికి కొట్టుకుంటోంది. హైమవతి పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది.

రాత్రుళ్ళు ఆయన గోడవైపు తిరగడం మానేశాడు. అంతకుమించి చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఆయన చెయ్యి ఆమె చేతి మీద ఉంటుంది, బరువుగా, కాస్త చెమటగా. ఒక్కోరోజు ఆ చెయ్యి పక్కకు తీసి పడుకోవాలన్నంత ఉక్కగా ఉంటుంది. అయినా తియ్యదు. ఈ పాటి దానికి ఏ రబ్బరూ అక్కర్లేదు గదా అని ఒకసారి అనిపించి, అటకమీది డిన్నర్ సెట్టు దింపించింది. రెండు పళ్ళేలకు పెట్టెలోనే గీటు పడి ఉంది. ఆ రెంటిలోనే ఇద్దరూ పప్పన్నం తిన్నారు.

వానాకాలంలో ఆస్పత్రిలో ఒక సమావేశం పెట్టారు, ఆపరేషను గురించి ఆలోచిస్తున్న మగవాళ్ళ కోసం. అనుభవం ఉన్నవాళ్ళెవరైనా మాట్లాడితే బాగుంటుందని డాక్టరు అడిగింది. గవర్రాజు వెళ్ళనన్నాడు. తరువాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

పది పదిహేనుమంది ఉన్నారు. అందరూ దూరదూరంగా కూర్చున్నారు, ఎవరికి వాళ్ళు పొరపాటున ఆ గదిలోకి వచ్చినట్టు. హైమవతి వెనక వరసలో కూర్చుంది. ఆమె పక్కన ఒక నలభై ఏళ్ళావిడ, భర్తతో వచ్చింది, మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక ఒళ్ళోని చేతిసంచీని చూసుకుంటోంది.

డాక్టరు చెప్పడం అయ్యాక, ప్రశ్నలుంటే అడగమంది. చివరికి ఆ పక్కావిడ భర్తే గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదండీ... ఎన్నాళ్ళొస్తుంది?"

డాక్టరు గవర్రాజు వైపు చూసింది. ఆయన లేచాడు. చేతులు వెనక్కి కట్టుకోబోయి, మళ్ళీ వదిలేశాడు.

"దాచుకుంటే ఏడేళ్ళు కూడా రాదు బాబూ" అన్నాడు. "వాడుకుంటే ఎన్నాళ్ళొస్తుందో నేను చెప్పలేను. నేను వాడలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు. ఆ మగవాళ్ళంతా అప్పుడే మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. గవర్రాజు కూడా నవ్వాడు, కానీ ఆయన కళ్ళు గది చివర హైమవతిని వెతుక్కుంటున్నాయి.

హైమవతి ఆయన వైపు చూసి తలూపింది. అప్పుడే ఆమె చూపు పక్కావిడ చేతిసంచీ మీద పడింది. మంచి సంచీ, కొని చాన్నాళ్ళయినట్టుంది, తోలు మెత్తబడింది. పట్టీలకు మాత్రం కొట్టువాడు చుట్టిన పాలిథిన్ అలాగే ఉంది.

"ఏమ్మా, ఒకసారి ఇటివ్వు" అంది హైమవతి, ఆవిడ అవుననేలోపే సంచీని తన ఒళ్ళోకి లాక్కుని. పాలిథిన్ ఎండలకు కరిగి పట్టీకి కరుచుకుపోయింది. హైమవతి కళ్ళజోడు సర్దుకుని, బొటనవేలి గోటితో దాన్ని ఒక పక్కనుంచి మెల్లగా లేపడం మొదలుపెట్టింది.